పోర్చుగీసులో సకర్మక క్రియలు

పిల్లలారా! మన దక్షిణాఫ్రికాకు పొరుగున ఉన్న మొజాంబిక్‌లో పోర్చుగీసు అధికార భాష. 1996 నాటి మన రాజ్యాంగంలో, గౌరవించి పెంపొందించవలసిన భాషల వరుసలో పోర్చుగీసు పేరూ మన తెలుగు పేరూ రెండూ ఉన్నాయి. మీ బడిలో కొందరు స్నేహితుల ఇంటిభాష పోర్చుగీసే కావచ్చు. ఆ భాషలోని ఒక వ్యాకరణ విషయాన్ని తెలుగుతో పోల్చి తెలుసుకొందాము.

'రాము నిద్రపోయాడు.' ఈ వాక్యంలో పని రాముతోనే ముగిసింది. కర్మతో అవసరం లేదు. కనుక ఇది అకర్మక క్రియ. 'రాము కొన్నాడు' అంటే మాత్రం వినేవారికి తృప్తి కలగదు. 'ఏమి కొన్నాడు?' అని అడుగుతారు. 'రొట్టె కొన్నాడు' అంటే వాక్యం నిండుతుంది. కనుక 'కొను' సకర్మక క్రియ. 'ఏమి?', 'ఎవరిని?' అని ప్రశ్నించి చూస్తే కర్మ దొరుకుతుంది.

పోర్చుగీసులోనూ ఇంతే. దుర్మీర్ (నిద్రపోవు) అకర్మకం. కొంప్రార్ (కొను), కుమేర్ (తిను), వేర్ (చూచు) సకర్మకాలు. సకర్మక క్రియను వారు 'త్రాన్జితీవు' అంటారు. 'దాటి వెళ్ళు' అనే అర్థమిచ్చే లాటిను మాట దీనికి మూలం. పని కర్తను దాటి కర్మ మీదికి వెళుతుందన్నమాట.

క్రియకూ కర్మకూ నడుమ మరొక చిన్నమాట అవసరం లేకపోతే ఆ క్రియను 'త్రాన్జితీవు దిరేతు', అనగా ప్రత్యక్ష సకర్మక క్రియ అంటారు.

ఉదా: ఎల కొంప్రో పావ్. (ఆమె రొట్టె కొన్నది.)

గుష్తార్ (ఇష్టపడు) అటువంటిది కాదు. దాని తరువాత 'ద్' అనే మాట రావాలి.

ఉదా: గోష్తు ద్ మంగ. (నాకు మామిడిపండు ఇష్టం.)

ఇప్పుడు ఈ రెండు వాక్యాలు చూడండి.

ఊ పేద్రు వియు ఆ మరీయ. (పేద్రు మరీయను చూశాడు.)
ఆ మరీయ వియు ఊ పేద్రు. (మరీయ పేద్రును చూసింది.)

'ఊ' పుంలింగ పదానికి, 'ఆ' స్త్రీలింగ పదానికి ముందు వస్తాయి. అంతే, ఎవరు ఎవరిని చూశారో అవి చెప్పవు. క్రియకు ముందున్నది కర్త, తరువాత ఉన్నది కర్మ. మాటల చోటు మారితే అర్థమే మారిపోయింది!

తెలుగులో అలా కాదు. 'రాము గోపిని కొట్టాడు' అన్నా, 'గోపిని రాము కొట్టాడు' అన్నా అర్థం ఒకటే. గోపి ఎక్కడున్నా 'ని' అనే ద్వితీయా విభక్తి ప్రత్యయం అతడే కర్మ అని చెబుతుంది. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు ఈ చిన్న అక్షరాన్ని తరచుగా విడిచిపెడతారు. 'గోపి రాము కొట్టాడు' అని ఫిర్యాదు చేస్తే పెద్దలు ఎవరిని మందలించాలి? దెబ్బ తిన్నవాడికే చీవాట్లు పడవచ్చు! 'రొట్టె కొన్నాడు' అన్నప్పుడు ప్రత్యయం లేకపోయినా ఇబ్బంది లేదు. రొట్టె ఎవరినీ కొనదు కదా! మనుషుల విషయంలో మాత్రం 'ని', 'ను' మరువకండి.

మరొక సంగతి. ఒక భాషలోని నియమాన్ని మరొక భాషకు అంటగట్టరాదు. అజుదార్ (సహాయపడు) పోర్చుగీసులో ప్రత్యక్ష సకర్మక క్రియ. మనం మాత్రం 'పేద్రుకు సహాయపడ్డాను' అంటాము, 'పేద్రును' అనము.

అభ్యాసము

1. ఈ వాక్యాలలో సకర్మక క్రియలను గుర్తించండి: పాప నవ్వింది. అమ్మ పాపను ఎత్తుకొంది. తాత ఉత్తరం చదివాడు.
2. 'సీత లత పిలిచింది.' ఈ వాక్యాన్ని రెండు విధాల సరిదిద్ది, రెండింటి అర్థభేదం చెప్పండి.
3. పోర్చుగీసు తెలిసిన స్నేహితుని అడిగి మూడు సకర్మక క్రియలు నేర్చుకొని, వాటి తెలుగు అర్థాలతో వాక్యాలు వ్రాయండి.