మూడు చక్రాల ఆర్‌సీ బండి: మోటార్ కంటే ముందు తూకం

పోయిన సెమిస్టర్‌లో మా రూమ్మేట్ పరీక్ష ఫీజు డబ్బుతో నేనొక మోటార్ కొన్నాను. దొంగతనం కాదు లెండి, వాడే ఇచ్చాడు. "ఫీజుకి ఇంకా నెల టైముంది కదరా, ఫెస్ట్ అయ్యాక చూసుకుందాం" అన్నాడు. నాలుగు వేల పైచిలుకు. ఆ మోటార్ మా బండి మీద సరిగ్గా ఒక్క మలుపు వరకే పనిచేసింది.

బండి సంగతి ముందు చెప్పాలి. పాసౌట్ అయిన సీనియర్ ఒకాయన వెళ్తూ వెళ్తూ చవగ్గా అమ్మేసిన ఆర్‌సీ ట్రైక్ అది. ముందు ఒక చక్రం, వెనక రెండు. అచ్చం మన ఆటో లెక్క. బొమ్మల షాపులో దొరికేదానికీ, హాబీ గ్రేడ్ అనేదానికీ తేడా ఏంటని జూనియర్లు అడుగుతుంటారు. బొమ్మలో అంతా ఒకే సర్క్యూట్ బోర్డు, ఒకటి పోతే మొత్తం పోయినట్టే. హాబీ గ్రేడ్‌లో రిసీవర్ వేరు, సర్వో వేరు, మోటార్‌కి కరెంట్ కొలిచి ఇచ్చే ఈఎస్‌సీ వేరు. ఏది పోతే అది మార్చుకోవచ్చు, ఏది నచ్చకపోతే అది పెంచుకోవచ్చు. ఈ "పెంచుకోవచ్చు" అన్న మాటే మన కొంప ముంచేది.

సీనియర్ ఇచ్చినప్పుడు అందులో ఉన్నది మామూలు 540 బ్రష్డ్ మోటార్. 7.2 వోల్టుల బ్యాటరీ మీద లోడ్ లేకుండా నిమిషానికి 15 వేల పైచిలుకు తిరుగుతుంది. గేర్ల నిష్పత్తి 8, చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే గంటకు 24 కిలోమీటర్లు వస్తుంది, అదీ కాగితం మీద. నాకది ఆనలేదు. 3300 కేవీ బ్రష్‌లెస్ మోటార్, దానికి తగ్గ ఈఎస్‌సీ, రెండు సెల్లుల లిపో తెప్పించాం. కేవీ అంటే ఒక్కో వోల్టుకి ఎన్ని చుట్లన్నది. 7.4 వోల్టులకి 24 వేల చుట్లు దాటతాయి. కాగితం మీద గంటకు 37 కిలోమీటర్లు.

బాస్కెట్‌బాల్ కోర్టులో దింపాం. నిటారుగా వెళ్తుంటే అబ్బో, కళ్లు చాలలేదు. చివర్లో తిప్పాను. అప్పుడే భయమేసి బ్రేక్ కూడా నొక్కాను. బండి భుజం మీద పడ్డట్టు పక్కకి పడి, మూడు పల్టీలు కొట్టి, స్తంభానికి గుద్దుకుంది. ముందు ఫోర్క్ రెండు ముక్కలు. మోటార్ షాఫ్ట్ వంగింది. ఫెస్ట్‌కి పది రోజులుంది.

ఆ రాత్రి మా వాడు ఇంటికి ఫోన్ చేశాడు. డబ్బు సంగతి చెప్పడానికి కాదు, అది చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. వాళ్ల నాన్నగారు తెనాలి దగ్గర షేర్ ఆటో నడుపుతారు. బండి ఎందుకు పడిందో మాటల్లో అడిగితే ఆయన స్పీకర్‌లో నాతోనే చెప్పారు: "వెనకాల మనుషులుంటే బండి అణిగి కూర్చుంటది బాబూ. ముందు నా పక్కన ఇద్దర్ని ఎక్కించుకున్నప్పుడే భయం. మలుపులో మటుకు బ్రేక్ తొక్కగూడదు. ముందే తగ్గించుకుని తిప్పాలి."

నాలుగు వాక్యాలు. మేం థర్డ్ ఇయర్ మెకానికల్. ఆ వాక్యాల్లో ఉన్నది మొత్తం మా స్టాటిక్స్ పుస్తకంలో ఉంది, ఆటోకి అన్వయించి ఎప్పుడూ చూడలేదంతే.

నాలుగు చక్రాల బండి నేల మీద ఒక దీర్ఘచతురస్రం గీస్తుంది. ట్రైక్ గీసేది త్రిభుజం. బండి బోల్తా పడేది ఆ త్రిభుజం అంచు మీదుగా. మన బండిలో ఆ అంచు ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఏటవాలుగా పోతుంది. అంటే ముందుకు వెళ్లేకొద్దీ త్రిభుజం సన్నబడుతుంది. గురుత్వ కేంద్రం వెనక ఇరుసు దగ్గర ఉంటే దానికి రెండు పక్కలా చోటు ఎక్కువ. ముందుకు జరిగితే, ఆయన పక్కన ఇద్దరు కూర్చున్నట్టే, అంచు దగ్గరికి వచ్చేస్తుంది. బ్రేక్ నొక్కితే బరువు ముందు చక్రం మీదకి తూలుతుంది కదా, అప్పుడు కూడా జరిగేది అదే.

దీన్ని కొలవడం చాలా తేలిక. కావాల్సింది వంటింటి డిజిటల్ తూకం ఒకటి, నున్నటి పలక ఒకటి. తూకం మెస్ అన్నని బతిమాలి తెచ్చాం. ముందు చక్రాన్ని తూకం మీద పెట్టి, వెనక చక్రాల కింద తూకం అంత ఎత్తు పుస్తకాలు పెట్టాలి. ఇది మర్చిపోతే లెక్క తప్పుతుంది, మేం మొదటిసారి మర్చిపోయాం. బండిని పాత మోటార్, పాత బ్యాటరీతోనే మళ్లీ బిగించి తూచాం. మొత్తం బరువు 1400 గ్రాములు, ముందు చక్రం మీద 590. అంటే వెనక వాటా 58 శాతం. వెనక చక్రాల మధ్య దూరం 180 మిల్లీమీటర్లు, అందులో సగం 90. ఆ 90ని 0.58తో గుణిస్తే 52 మిల్లీమీటర్లు. గురుత్వ కేంద్రం నుంచి బోల్తా అంచుకి పక్కవైపు ఉన్న చోటు అంతే.

ఇప్పుడు పలక. బండిని దాని మీద అడ్డంగా నిలబెట్టి, ముందు చక్రం నిటారుగా ఉంచి, కిందికి జారకుండా ముందు చక్రానికీ దిగువ వెనక చక్రానికీ సన్నటి పుల్లలు ఆనించి, పలకని ఒక పక్క నుంచి మెల్లగా లేపాలి. పై చక్రం పలకని వదిలేసిన క్షణాన ఫోన్‌లో కోణం చూడాలి. మాకు 35 డిగ్రీలు వచ్చింది. 35 డిగ్రీల టాంజెంట్ 0.7. అంటే పక్కకి లాగే త్వరణం 0.7 జీ దాటితే మా బండి పడిపోతుంది. 52ని 0.7తో భాగిస్తే గురుత్వ కేంద్రం ఎత్తు కూడా వచ్చేసింది, 74 మిల్లీమీటర్లు. స్ప్రింగుల వంపు వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుంది, మన పనికి పర్లేదు.

అసలు ట్విస్ట్ తర్వాతి కొలతలో ఉంది. చక్రాలు తిరగకుండా కట్టేసి, కోర్టు నేల మీద బండిని లగేజీ తూకంతో పక్కకి లాగాం. దాదాపు 1100 గ్రాముల దగ్గర జారింది. 1100ని 1400తో భాగిస్తే 0.8. అంటే టైర్లు 0.8 జీ దాకా నేలని వదలవు, బండేమో 0.7 దగ్గరే పడిపోతుంది. జారే లోపే బోల్తా. మా అదృష్టం బాగుండి ఆగిపోయాం గానీ, కొనాల్సినవాటి లిస్టులో తర్వాతి ఐటమ్ మెత్తటి గ్రిప్ టైర్లే! అవి వేసుంటే ఇంకా ఘోరంగా ఉండేది. ఇలాంటి బండికి పట్టు పెంచడమంటే పల్టీకి టికెట్ కొనిచ్చినట్టే.

కాబట్టి మా లక్ష్యం ఒక్కటే: బండి పడేలోపు జారాలి. జారితే మనం స్టీరింగ్ సర్దుకోవచ్చు. పడితే ఏం సర్దుకుంటాం?

సీనియర్ బ్యాటరీని ముందు ఫోర్క్ వెనకాల, రైడర్ బొమ్మ కింద నిలువుగా పెట్టాడు. చూడ్డానికి అందంగా ఉంటుంది, పెట్రోల్ ట్యాంకులాగా. దాన్ని తీసి వెనక ఇరుసుకి ముందు, ఛాసిస్ అడుగున పడుకోబెట్టాం. 120 మిల్లీమీటర్లు వెనక్కి, 45 కిందికి. అది 380 గ్రాముల పాత నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్. లిపో అయితే వంద గ్రాములు తగ్గేది. కానీ అడుగున పడుకున్న బరువు మనకి శత్రువు కాదు, ఆటోలో వెనక సీటు ప్యాసింజరే. (పాత ఈఎస్‌సీకి లిపో తగిలించాలనుకునేవాళ్లు ఒక్కటి చూసుకోండి. దాంట్లో లో వోల్టేజ్ కటాఫ్ లేకపోతే సెల్లు 3 వోల్టుల కిందికి దిగిపోయి ప్యాక్ పాడవుతుంది.) తర్వాత స్ప్రింగ్ స్పేసర్లు తగ్గించి బండిని ఇంకో 5 మిల్లీమీటర్లు దించాం.

మళ్లీ తూకం. ముందు 420, వెనక 980. వాటా 70 శాతం, అంచుకి చోటు 63 మిల్లీమీటర్లు. పలక మీద 48 డిగ్రీలు, అంటే 1.1 జీ. టైర్ల పట్టు అదే 0.8. ఇప్పుడు జారుతుంది, పడదు. ఖర్చు రెండు వెల్‌క్రో పట్టీలు, ఒక అల్యూమినియం ముక్క.

ఒక నిజం ఒప్పుకోవాలి. దీనివల్ల మలుపులో వేగం పెద్దగా పెరగలేదు. మీటరున్నర వ్యాసార్థం మలుపులో 0.7 జీ అంటే గంటకు 11.5 కిలోమీటర్లు, 0.8 అంటే 12.4. తేడా ఒక్క కిలోమీటర్ కూడా లేదు. మారింది పరిమితి దాటినప్పుడు జరిగేది. 37 కిలోమీటర్ల మోటార్‌తో ఆ మలుపులో నేనేం చేద్దామనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

బ్రేక్ లెక్క కూడా వేశాం. మలుపులో 0.4 జీ బ్రేక్ పడితే పాత అమరికలో బోల్తా హద్దు 0.7 నుంచి 0.56కి పడిపోతుంది. కొత్తదాంట్లో 0.96 దగ్గర ఆగుతుంది, అంటే ఇంకా టైర్ల పట్టుకి పైనే. అయినా ఈఎస్‌సీలో డ్రాగ్ బ్రేక్ పూర్తిగా తీసేశాం. డ్రాగ్ బ్రేక్ అంటే యాక్సిలరేటర్ వదలగానే దానంతటదే పడే బ్రేక్. మలుపులో భయపడి వేలు తీసేసేవాడికి అది యముడు. నాలాంటి వాడికన్నమాట.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. ఒంటి ముందు చక్రం బండి పక్కకి వాలకుండా ఆపలేదు, ఆ పనంతా వెనక స్ప్రింగులదే. అందుకే వెనక గట్టివి, ముందు మెత్తవి. డిఫరెన్షియల్‌ని జామ్ చేస్తే బండి తిరగనంటుంది, మరీ వదులుగా వదిలేస్తే మలుపులో తేలికైన లోపలి చక్రం ఊరికే గిరగిరా తిరుగుతుంది. చిక్కటి గ్రీజు మధ్యస్థంగా సరిపోయింది. ప్లాస్టిక్ బుష్‌ల స్థానంలో బాల్ బేరింగులు వేయడం మాత్రం కళ్లు మూసుకుని చేయొచ్చు, బండి ఏదైనా సరే. పినియన్‌కి ఒక్కో పన్నే పెంచండి, ఐదు నిమిషాలు నడిపి మోటార్ మీద వేలు పెట్టండి. మూడు సెకన్లు ఉంచలేకపోతే ఆ పన్ను వెనక్కి తీసేయండి.

ఇదంతా తలనొప్పి అనుకునేవాళ్లకి వేరే దారులున్నాయి. రెండు చక్రాలు ముందుంటే బ్రేక్ వేసినప్పుడు బరువు త్రిభుజం వెడల్పువైపుకే వెళ్తుంది, బ్రిటన్‌లో మోర్గాన్ మూడు చక్రాల కార్లు అలాంటివే. టామియా వాళ్ల డాన్సింగ్ రైడర్ అనే ఆర్‌సీ ట్రైక్‌లో ముందు చక్రం ఒకటే, కానీ మలుపులో బండి పైభాగం బైకులాగా లోపలికి వాలుతుంది. బరువే లోపలికి వస్తుంది. చూస్తే ముచ్చటేస్తుంది, ధర చూస్తే ఆ ముచ్చట దిగిపోతుంది.

ఫెస్ట్‌లో మా బండి పాత 540 మోటార్‌తోనే, అతికించిన ఫోర్క్‌తోనే తిరిగింది. రెండుసార్లు జారింది, ఒక్కసారి కూడా పడలేదు. బ్రష్‌లెస్ మోటార్‌కి షాఫ్ట్ మార్పించి, ఈఎస్‌సీ, లిపోతో కలిపి డ్రోన్లు కట్టే ఈసీఈ బ్యాచ్‌కి అమ్మేశాను. పదకొండు వందలు నష్టం. అది నా పాకెట్ మనీ నుంచి పోయింది, ఫీజు గడువుకి రెండు రోజుల ముందు మా వాడి డబ్బు మా వాడికి ఇచ్చేశాను. వాళ్ల నాన్నగారికి ఈ డబ్బు కథ ఇంకా తెలియదు. బండి వీడియో పంపితే "బ్రేక్ తొక్కకుండా తిప్పాడు, బాగుంది" అన్నారట.

ఇంకో చిక్కు మిగిలే ఉంది. ఫుల్ స్పీడులో ముందు చక్రం గజగజ వణుకుతోంది. ఫోర్క్ వాలు తక్కువై, చక్రం నేలని తాకే చోటు స్టీరింగ్ ఇరుసు గీతకి సరిపడా వెనక పడట్లేదని నా అనుమానం. సర్వో సేవర్ వదులైందని మా వాడి అనుమానం. వచ్చే ఆదివారం రెండూ విప్పి చూస్తాం. పలక మా రూములోనే ఉంది, బండి ఉన్నవాళ్లెవరైనా తెచ్చి లేపి చూసుకోవచ్చు. తూకం మాత్రం మెస్ అన్న అడుగుతున్నాడు, ఈ వారంలోనే రండి.