కొరింగీల రామభజనము

గోదావరి సముద్రమున కలియు చోటికి చేరువనే కోరంగి రేవు ఉండెను. 1835లో మారిషస్ దీవియందు బానిసత్వము రద్దయినది. చెఱకు తోటలకు పనివారు కరవైరి. 1843లో ‘కోరంగా పాకెట్’ అను ఓడ తెలుగు కూలివారిని ఆ దీవికి చేర్చినది. ఐదేండ్ల ఒడంబడికపై పోయినవారిలో పెక్కురు తిరిగి రాలేదు. రేవు పేరనే అచ్చటి జనులు వారిని ‘కొరింగీలు’ అనిరి.

పగలు తోటపని, రాత్రి రామభజనము. ఈ భజనము నేటికిని నిలిచియున్నది. నడుమ దీపము వెలిగించి, పెద్దలు పిన్నలు తాళములతో అడుగులు కలుపుచు, తెల్లవాఱువఱకు దానిచుట్టు తిరుగుచు పాడుదురు. సింహాద్రి అప్పన్నను, అమ్మోరును కొలుతురు. ఉగాదినాడు ఆ దేశమంతటను సెలవు!

అయినను వారి ఇండ్లలో నేడు వినవచ్చునది క్రియోలు భాష. బడిలో తెలుగు చదువుకొను పిల్లలు కలరు గాని, ఇంట మాటలాడువారు అరుదు. భజనపాటలను రోమను లిపిలో వ్రాసికొని పాడువారును కలరు. తెలియని మాట వచ్చినప్పుడు మనుమడు తాతను అర్థమడుగును. ఒక్కొక్కమాఱు తాతకును తెలియదు. అప్పుడు ఇరువురును గొంతు కలిపి, దీపముచుట్టు మఱియొక మాఱు తిరుగుదురు.