మేత వేయని సాగు



ఈ మధ్య ఏడో తరగతిలో సముద్రంలో ఆల్చిప్పల సాగు గురించి చెబుతుంటే ఒక బాబు లేచాడు. "మేడమ్, భీమవరం దగ్గర మా తాతయ్యకి రొయ్యల చెరువుంది. డబ్బంతా మేతకే పోతోందంటారు. మరి అంత సముద్రంలో వీటికి మేత ఎవరు వేస్తారు?" సిలబస్ అవ్వాలన్న తొందరలో "తర్వాత చెబుతా, కూర్చో" అనేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మర్నాడు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ బే అనే చోట, ఒడ్డుకు సుమారు 5 నుంచి 10 కిలోమీటర్ల దూరంలో మసెల్స్ అనే ఆల్చిప్పలను పెంచుతున్నారు. సముద్రం అడుగున లంగర్లు దించి, పైన తేలే బోయాలకు పొడవైన తాళ్లు కడతారు. మసెల్ పిల్లలు సన్నని దారాలు పుట్టించుకుని ఆ తాళ్లను అంటిపెట్టుకుంటాయి. వాటికి మేత ఎవరూ వేయరు! ఒక్కో మసెల్ గంటకు కొన్ని లీటర్ల నీటిని లోపలికి లాక్కుని, అందులోని ప్లాంక్టన్‌ను వడకట్టి తింటుంది.

ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013 నుంచి ఈ సాగును గమనిస్తున్నారు. ఒకప్పుడు వలలు ఈడ్చి పాడుచేసిన సముద్రపు అడుగు ఆ తాళ్ల కింద మళ్లీ కోలుకుంటోంది. పీతలు, చేపలు అక్కడికి చేరుతున్నాయి.

అయితే మేతతో పాటు నీళ్లలోని మురికి, క్రిములు కూడా ఆల్చిప్ప ఒంట్లో చేరతాయి. కొన్ని రకాల నాచు వల్ల వచ్చే విషం ఉడికించినా పోదు. అందుకే నీటినీ మాంసాన్నీ తరచూ పరీక్షిస్తారు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, 2021 నుంచి అక్కడి 'బి' తరగతి నీళ్లలో పెరిగిన ఆల్చిప్పలను శుద్ధి చేయకుండా సజీవంగా యూరప్‌కు పంపే వీలు లేకుండా పోయింది. రైతు ఎంత జాగ్రత్తగా పెంచినా, నీళ్లు బాగోకపోతే మార్కెట్ లేదు.

ఇది విన్నాక ఒక పాప అడిగింది: "మరి మా ఇంటి సింక్ నీళ్లు ఎక్కడికి పోతాయి మేడమ్?" క్లాసులో ఎవరికీ తెలియదు. అదే ఈ వారం హోంవర్క్‌గా ఇచ్చాను.

మీ పిల్లలు వచ్చి అడిగితే, సిలబస్‌లో లేదు కదా అనకండి. కాసేపు వాళ్లతో కలిసి బయటికి వెళ్లి, మీ వీధి కాలువ ఏ చెరువులో, ఏ నదిలో కలుస్తుందో కనుక్కోండి. జవాబు తెలియకపోతే "నాకూ తెలీదు, కలిసి చూద్దాం" అనండి. మొదటి రోజే ఆ బాబుతో నేను అనాల్సిన మాట అది.