డబ్బిచ్చి కొన్న స్పాన్సర్‌షిప్ నిలవదు

బ్రిటన్‌కు నర్సుగానో కేర్ వర్కర్‌గానో వెళ్లాలనుకునే తెలుగువారు వీసా వస్తుందా రాదా అన్నదాని మీదే దృష్టంతా పెడతారు. వచ్చాక అది ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎవరి మీద ఆధారపడి నిలుస్తుంది అన్నది అంతకన్నా పెద్ద విషయం. 2020 ఆగస్టులో మొదలైన హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా పేరుకు మనదే అయినా దాని వేరు యజమాని దగ్గర ఉంటుంది. బ్రిటన్ హోం శాఖ అయిన హోమ్ ఆఫీసు యజమానికి స్పాన్సర్ లైసెన్సు ఇస్తుంది. ఆ లైసెన్సు మీద యజమాని మనకు సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఇస్తాడు. అందరూ సీఓఎస్ అనేది దాన్నే. దాని మీద మనకు వీసా వస్తుంది. పైన లైసెన్సు పోతే కింద వీసా కూడా కదిలిపోతుంది. హోమ్ ఆఫీసు మన గడువును సాధారణంగా 60 రోజులకు కుదిస్తుంది. ఆలోపు కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదా దేశం విడిచి రావాలి. కాబట్టి ఈ దారిలో మనం ఎంచుకోవాల్సింది దేశాన్నీ ఊరినీ కాదు, యజమానిని. ఆ యజమాని నమ్మదగినవాడా కాదా అని తేల్చడానికి అన్నిటికన్నా సులువైన గుర్తు ఒకటుంది: ఉద్యోగం ఇవ్వడానికి మన దగ్గర డబ్బు అడుగుతున్నారా లేదా?

ఈ మాట ఎంత గట్టిదో గత కొన్నేళ్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది. కోవిడ్ తరువాత బ్రిటన్‌లో వృద్ధుల సంరక్షణకు మనుషులు దొరక్క, 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్ ఉద్యోగాన్ని ఈ వీసా కిందికి తెచ్చారు. 2023లో ఈ వీసా కింద ఉద్యోగులకే దాదాపు 1 లక్ష 46 వేల వీసాలు ఇచ్చారు, కుటుంబ సభ్యుల లెక్క వేరే. తలుపు అంత వెడల్పుగా తెరిచినప్పుడు ఎవరెవరు దూరారో చూసే నాథుడు లేకపోయాడు. సరిహద్దుల, వలసల స్వతంత్ర తనిఖీ అధికారిగా ఉన్న డేవిడ్ నీల్ నివేదిక 2024 మార్చిలో బయటికి వచ్చింది. అసలు లేనే లేని ఒక కేర్ హోమ్ పేరిట 275 సర్టిఫికెట్లు జారీ అయ్యాయని, లైసెన్సు తీసుకున్నప్పుడు నలుగురే ఉద్యోగులున్నామని చెప్పిన ఒక కంపెనీకి 1,234 సర్టిఫికెట్లు దక్కాయని అందులో ఉంది. 2022 జూలై నుంచి 2024 చివరి దాకా కేర్ రంగంలో 470కి పైగా లైసెన్సులు రద్దయ్యాయి, ఆ స్పాన్సర్లతో ముడిపడ్డ ఉద్యోగులు 39 వేలకు పైమాటే అని బ్రిటిష్ ప్రభుత్వమే ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పంటూ లేదు. వాళ్ల చేతిలోని వీసా అసలుదే, కొన్ని చోట్ల దాని వెనక ఉండాల్సిన ఉద్యోగమే లేదు.

డబ్బు అడగడాన్నే మోసానికి గుర్తుగా ఎందుకు తీసుకోవాలి? బ్రిటన్ చట్టం దాన్ని నిషేధిస్తుంది, మన చట్టం దానికి గట్టి హద్దు పెడుతుంది కాబట్టి. బ్రిటన్‌లో ఉద్యోగం చూపించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు వసూలు చేయకూడదని 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీల చట్టం అంటుంది. స్పాన్సర్ లైసెన్సు ఖర్చు, సీఓఎస్ ఫీజు ఉద్యోగి నెత్తిన వేయకూడదని 2024 డిసెంబర్ 31 నుంచి హోమ్ ఆఫీసు నిబంధన ఉంది. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవచ్చు. ఏజెంటు రిజిస్టరయ్యాడో లేదో ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇక నర్సుకు న్యాయంగా అయ్యే ఖర్చు ఎంతో లెక్క వేద్దాం. నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ దరఖాస్తుకు 140 పౌండ్లు, కంప్యూటర్ పరీక్ష సీబీటీకి 83, బ్రిటన్ వెళ్లాక రాసే ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీకి 794, రిజిస్ట్రేషన్‌కు 153. మూడేళ్లలోపు వీసాకు 2025 ఏప్రిల్ రేటు 304. మొత్తం 1,474 పౌండ్లు. ఇంగ్లిష్ పరీక్ష, టీబీ పరీక్ష, పోలీసు క్లియరెన్స్ కలిపినా రెండు లక్షల రూపాయలకు కాస్త అటూ ఇటూ. వేరే ఉద్యోగ వీసాలవారు ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున కట్టే హెల్త్ సర్‌చార్జి ఈ వీసావారికీ, వారి కుటుంబానికీ లేదు. ఓస్కీ ఖర్చు తామే భరించే ట్రస్టులు కూడా అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉన్నాయి. మరి 15 లక్షలు, 20 లక్షలు అని చెప్పే కన్సల్టెన్సీ ఆ మిగతా డబ్బు దేనికి తీసుకుంటున్నట్టు? చట్టం ఉచితంగా ఇవ్వమన్న కాగితాన్ని అమ్ముతున్నట్టు.

అందరూ కడుతున్నారు, మనం కట్టకపోతే అవకాశం పక్కవాడికి పోతుంది, రెండేళ్లలో సంపాదించుకోవచ్చు అని కొందరంటారు. ఈ వాదన లెక్కకు నిలవదు. కేర్ వర్కర్‌కు స్పాన్సర్ ఇవ్వాల్సిన కనీస జీతం 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 25,000 పౌండ్లు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పోగా చేతికొచ్చేది నెలకు దాదాపు 1,800. గది అద్దె, తిండి, బస్సు ఖర్చు అందులోనే. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 15 లక్షలు తెస్తే నెలకు వడ్డీయే 30 వేలు, అంటే సుమారు 250 పౌండ్లు. అసలు అలాగే ఉంటుంది. పైగా 2024 మార్చి 11 తరువాత ఈ దారిలోకి వచ్చిన కేర్ వర్కర్లు భార్యనో భర్తనో పిల్లలనో తమ వీసా మీద తీసుకెళ్లలేరు, కాబట్టి రెండో జీతం ఆశ కూడా లేదు. ఇదంతా రాసిచ్చిన గంటల పని పూర్తిగా దొరికితే వచ్చే లెక్క. అప్పు తీరేదాకా ఉద్యోగి ఎదురు తిరగడని తెలిసిన యజమాని గంటలు తగ్గించినా, జీతం ఆపినా నోరెత్తలేని స్థితి ఆ అప్పే తెచ్చిపెడుతుంది.

కంపెనీ పేరు ప్రభుత్వ స్పాన్సర్ల జాబితాలో ఉంది, ఇక భయమెందుకని మరికొందరంటారు. జాబితా చూడటం అవసరమే, కానీ అక్కడితో ఆగితే చాలదు. రద్దైన ఆ 470 లైసెన్సులూ ఒకప్పుడు ఆ జాబితాలో ఉన్నవే. లైసెన్సు ఉందంటే మనుషులను పిలిపించే అనుమతి ఉందని అర్థం, వాళ్లందరికీ పని ఉందని కాదు. ఇంగ్లండ్‌లో కేర్ సంస్థలను తనిఖీ చేసేది కేర్ క్వాలిటీ కమిషన్, సీక్యూసీ. దాని వెబ్‌సైటులో ఆ సంస్థ తనిఖీ నివేదిక చదవాలి. కేర్ హోమ్ అయితే ఎన్ని పడకలు, ఇళ్లకు వెళ్లి చేసే డొమిసిలియరీ కేర్ అయితే ఎంతమందికి సేవ చేస్తోంది అని చూడాలి. పది పడకల హోమ్ యాభై మందిని రమ్మంటుంటే అక్కడే తేలిపోతుంది. సీఓఎస్‌లో ఉద్యోగం కోడ్, వారానికి గంటలు, జీతం మన కాంట్రాక్టుతో సరిపోలాలి. కేర్ వర్కర్ కోడ్ 6135, సీనియర్ కేర్ వర్కర్ కోడ్ 6136. ఇంకో నిజం బాగా గుర్తుంచుకోవాలి: 2025 జూలై 22 నుంచి ఈ రెండు ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తగా రప్పించుకోవడం ఆగిపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్నవారికి కేర్ వర్కర్ వీసా ఇప్పిస్తానని ఎవరు చెప్పినా అబద్ధమే. నర్సులకు, డాక్టర్లకు దారి తెరిచే ఉంది. విదేశీ ఉద్యోగాల సమాచారానికి తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి, ముందు అక్కడ అడగవచ్చు.

బయటి తలుపు మూసుకున్నాక అమ్మకం లోపలికి మారింది. చదువుకోవడానికి వెళ్లి, గ్రాడ్యుయేట్ వీసా గడువు దగ్గరపడుతున్న మన పిల్లలే ఇప్పుడు అసలు గిరాకీ. చట్టం వీరికి ఒక సందు ఉంచిన మాట నిజం. బ్రిటన్‌లోనే ఉన్నవారు 2028 జూలై 22 దాకా కేర్ వర్కర్ వీసాకు మారవచ్చు, అయితే అంతకు ముందు అదే యజమాని దగ్గర కనీసం మూడు నెలలు చట్టబద్ధంగా పని చేసి ఉండాలి. ఈ షరతు నిజానికి మనకు మేలు చేసేదే. ఆ మూడు నెలల్లో పని ఉందో లేదో, జీతం వేళకు పడుతుందో లేదో మనకే కనబడుతుంది. పని చేయకుండానే మూడు నెలల పేస్లిప్పులు సృష్టించి ఇస్తానని, జీతం మీద పన్ను మనల్నే కట్టమని చెప్పేవాడి దగ్గరికి మాత్రం పోకూడదు. అది దొంగ పత్రం, దొరికితే వీసా పోయేది మనదే.

దిగాక మొదటి వారాల్లో చేయాల్సిన పనులకు కూడా ఇదే సూత్రం: మన కాగితాలు మన చేతిలో ఉండాలి. ఇప్పుడు వీసా కార్డు లేదు, ఈవీసా మాత్రమే ఉంది. అది కనబడే హోమ్ ఆఫీసు ఆన్‌లైన్ ఖాతా (యూకేవీఐ) మన సొంత మెయిల్‌తో, మన ఫోన్ నంబరుతో ఉండాలి గానీ ఏజెంటు మెయిల్‌తో కాదు. పాస్‌పోర్టు యజమానికి అప్పగించకూడదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, బ్యాంకు ఖాతా, దగ్గర్లోని కుటుంబ వైద్యుడి (జీపీ) దగ్గర పేరు నమోదు, ఈ మూడూ వెంటనే చూసుకోవాలి. పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ యాప్ పెట్టుకుంటే యజమాని మన జీతాన్ని ఎంతగా చూపిస్తున్నాడో నెల నెలా తెలుస్తుంది. అది సీఓఎస్‌లో రాసిన జీతంతో తేడాగా ఉంటే రేపు వీసా పొడిగింపులో అడిగేది మనల్నే. ఏ రోజు ఎన్ని గంటలు చేశామో రాసిపెట్టుకోవాలి. ఇళ్లకు తిరిగే పనిలో ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లే సమయం కూడా కనీస వేతనం లెక్కలోకి వస్తుంది, చాలామంది దాన్ని వదులుకుంటున్నారు. ఆ పనికి కారు నడపడం వస్తే మేలు. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ 12 నెలలే చెల్లుతుంది కాబట్టి అక్కడి పరీక్షకు మొదటినుంచే సిద్ధం కావాలి.

ఫిర్యాదు చేస్తే వీసానే పోతుందన్న భయం అన్నిటికన్నా బలమైన అభ్యంతరం, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. యజమాని లైసెన్సు రద్దైతే బాధితుడి గడువే తగ్గడం ఈ వ్యవస్థలోని అన్యాయం. మనిషిని ఒకే యజమానికి కట్టేసే నిబంధన మారాలి. కానీ మౌనంగా ఉంటే ఆ ప్రమాదం తప్పదు, మరింత అప్పుతో ఆలస్యంగా వస్తుంది. ముందే కదిలినవారికి దారులున్నాయి. యూనిసన్, ఆర్‌సీఎన్ వంటి యూనియన్లలో చేరడం వీసాకు అడ్డు కాదు. ఉద్యోగ హక్కుల మీద ఏకాస్ అనే సంస్థ హెల్ప్‌లైన్‌లో ఇచ్చే సలహా ఉచితం. స్పాన్సర్ పోయిన కేర్ వర్కర్లకు కొత్త యజమానిని చూపించేందుకు ఇంగ్లండ్‌లో ప్రాంతాలవారీ భాగస్వామ్య కేంద్రాలున్నాయి. కొత్త యజమాని దొరికితే కొత్త సీఓఎస్‌తో దరఖాస్తు చేసి, అనుమతి వచ్చాకే ఆ పనిలో చేరాలి.

శాశ్వత నివాసం ఆశతో అన్నీ ఓర్చుకుంటున్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఇన్నాళ్లూ ఐదేళ్లున్న ఆ గడువును సాధారణంగా పదేళ్లకు, కేర్ వర్కర్ల వంటి ఉద్యోగాలకు పదిహేనేళ్లకు పెంచాలని 2025 నవంబర్‌లో ప్రభుత్వం ప్రతిపాదించింది. ఈ వీసాకు కొత్తగా దరఖాస్తు చేసేవారి ఇంగ్లిష్ ప్రమాణాన్ని కూడా 2026 జనవరి 8 నుంచి బీ2 స్థాయికి పెంచారు. నిబంధనలు ఇలా మారుతున్న చోట ఏజెంటు ఇప్పించిన కాగితం మీద పదిహేనేళ్ల భవిష్యత్తు కట్టలేం. నర్సు రిజిస్ట్రేషన్ మాత్రం యజమాని మారినా మన పేరు మీదే ఉంటుంది. అది ఉన్న నర్సుకు ఎన్‌హెచ్‌ఎస్‌లో 2025-26లో మొదటి జీతం 31,049 పౌండ్లు. బీఎస్సీ నర్సింగో జీఎన్ఎమ్మో చదివి, త్వరగా వెళ్లాలని ఏజెంటుకు లక్షలు పోయాలనుకునేవారు ఆ డబ్బులో పదో వంతుతో ఇంగ్లిష్, సీబీటీ పరీక్షలు పూర్తి చేయవచ్చు. ఆరు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు, పరీక్ష రాసి వెళ్లండి. ఉద్యోగం ఇస్తామంటూ డబ్బు అడిగిన చోట సంతకం పెట్టకండి.