పాత హెర్నియా తీరు మారితే ఆలస్యం చేయకండి

మార్కెట్ యార్డు హమాలీల్లో, భవన నిర్మాణ కూలీల్లో గజ్జల హెర్నియాతోనే ఏళ్లు నెట్టుకొచ్చేవారున్నారు. పొద్దున బెల్టు బిగిస్తారు, రాత్రి పడుకుంటే ఉబ్బు లోపలికి పోతుంది. ఆపరేషన్ చేయించుకుంటే కూలి పోతుందని వాయిదా వేస్తారు. ఆ ఉబ్బు తీరు మారిన రోజున మాత్రం వాయిదా పనికిరాదు.

పొట్ట గోడ బలహీనపడిన చోట పేగు జారి రావడం హెర్నియా. అలా జారిన పెద్దపేగులోనే క్యాన్సర్ గడ్డ ఉండటం చాలా అరుదు, కానీ అసలు లేనిది కాదు. ఎక్కువగా పెద్ద వయసు మగవారిలో, ఎడమ గజ్జలో, మలాశయానికి పైనుండే సిగ్మాయిడ్ భాగంలో కనిపిస్తుంది. హెర్నియా క్యాన్సర్‌గా మారదు. క్యాన్సర్ లక్షణాలను కూడా హెర్నియా బాధలే అనుకుని సరిపెట్టుకోవడమే ప్రమాదం.

రాత్రి వెల్లకిలా పడుకుని ఉబ్బును మెల్లగా తడిమి చూసుకోండి. ఎప్పుడూ లోపలికి పోయేది పోకపోయినా, మెత్తటి చోట గట్టిగా గడ్డలా తగిలినా బలవంతంగా నొక్కవద్దు, పైన బెల్టు బిగించవద్దు. సర్జన్‌కు చూపించండి. మలంలో రక్తం, కొత్తగా మలబద్ధకం లేదా విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే అడిగే దాకా ఆగకుండా మీరే చెప్పండి. "పెద్దపేగు పరీక్ష కూడా అవసరమా, డాక్టర్‌గారూ?" అని అడగండి. అవసరాన్ని బట్టి కొలనోస్కోపీ, సీటీ స్కాన్ రాస్తారు. ముందే తెలిస్తే ఆపరేషన్ పద్ధతే మారుతుంది.

ఉబ్బు దగ్గర తీవ్రమైన నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం, గ్యాస్ కూడా పోకపోవడం ఉంటే తెల్లారే దాకా ఆగకండి. పేగుకు రక్తం ఆగిపోతూ ఉండొచ్చు. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఇక కూలి సంగతి. ఈఎస్ఐ ఉండి, చందా నిబంధనలకు సరిపోతే జబ్బు కాలంలో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. క్యాన్సర్‌కైతే, అర్హత ఉన్నవారికి ఆ తర్వాత కూడా 80 శాతం చొప్పున పొడిగిస్తారు. ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ మొదటి రోజు నుంచే తీసుకోండి. ఈఎస్ఐ లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో చేరకముందే ఆస్పత్రిలో అడగండి.

మేస్త్రీలకు, జట్టు పెద్దలకు ఒక మాట: గజ్జల్లో నొప్పి అని ఎవరైనా చెబితే ఆ రోజు బస్తా ఎత్తించకండి. తోడు ఒకరినిచ్చి ఆస్పత్రికి పంపండి.