గొప్ప క్వార్టర్‌బ్యాక్ లేకపోతే గెలవలేమా?

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ ఈమధ్యే చూడటం మొదలుపెట్టాను. మేటి క్వార్టర్‌బ్యాక్ లేని జట్టుకు టైటిల్ రాదంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: అలాంటి జట్టూ గెలవగలదు. కాకపోతే మిగతా విభాగాలన్నీ గట్టిగా ఉండాలి. 2000 సీజన్‌లో బాల్టిమోర్ రేవెన్స్ సంగతే చూడండి. అక్టోబరులో వరుసగా 5 మ్యాచుల్లో వాళ్ల అఫెన్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. అయినా వాటిలో రెండు గెలిచారు. పాయింట్లన్నీ కిక్కర్ మ్యాట్ స్టోవర్ ఫీల్డ్ గోల్స్‌తో తెచ్చినవే.

ఆ జట్టుకు ప్రాణం డిఫెన్స్. లీగ్ దశ 16 మ్యాచుల్లో ప్రత్యర్థులకు ఇచ్చింది 165 పాయింట్లే. రన్నింగ్ బ్యాక్ జమాల్ లూయిస్ తొలి ఏడాదే 1,364 గజాలు పరిగెత్తాడు. అందుకే క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ డిల్ఫర్ సాహసాలు చేయనవసరం లేకపోయింది. బంతి పోగొట్టకుండా ఉంటే చాలు.

టైటిల్ పోరైన సూపర్ బౌల్‌లో డిల్ఫర్ విసిరిన 25 పాసుల్లో చేరినవి 12 మాత్రమే. కానీ డిఫెన్స్ 4 ఇంటర్‌సెప్షన్లు పట్టింది. మూడో క్వార్టర్‌లో న్యూయార్క్ జెయింట్స్ కిక్‌ఆఫ్ అందుకుని నేరుగా టచ్‌డౌన్ చేస్తే, ఆ వెంటనే వచ్చిన కిక్‌ఆఫ్‌లో జెర్మైన్ లూయిస్ అదే పని చేసి బదులు తీర్చాడు. రేవెన్స్ 34-7తో నెగ్గారు.

మేటి క్వార్టర్‌బ్యాక్ లేకపోవడంలో ఒక లాభం కూడా ఉంది. జట్ల జీతాలకు పరిమితి ఉంది కాబట్టి, క్వార్టర్‌బ్యాక్ మీద మిగిలిన డబ్బుతో లైన్‌నూ డిఫెన్స్‌నూ బలపరచుకోవచ్చు. అయితే ఇద్దరు ముగ్గురు కీలక ఆటగాళ్లు గాయపడితే ఈ లెక్క తప్పుతుంది. ఏటా ఇదే దారిలో గెలవడం కష్టమే. మీ జట్టు బంతిని ఎన్నిసార్లు పోగొట్టుకుంటోందో, ఎన్నిసార్లు లాక్కుంటోందో గమనించండి. దాని సత్తా అక్కడే తెలుస్తుంది.