పెరటి విత్తు – వంటింటి పథ్యం
(ఒక చేదు ఆనపకాయ నేర్పిన పాఠం)

ఆయుర్వేదంలో ఔషధానికి ఎంత ప్రాధాన్యం గలదో పథ్యానికీ అంతే ప్రాధాన్యం గలదు. పథ్యంలో శాకముల పాలు పెద్దది. కూర తాజాదా, లేతదా అని గృహిణులు గిల్లి చూస్తారు. కాని అది ఏ విత్తు నుంచి వచ్చినదని అడిగేవారు అరుదు.

నేను పన్నెండవ ఏట గురుకులంలో చేరాను. మొదటి సంవత్సరమంతా గురువుగారు గ్రంథం ముట్టనివ్వలేదు. పాదులకు నీళ్లు పోయడం, నారు పీకి నాటడం, గింజలు ఎండబెట్టడం – ఇవే మా పాఠాలు. “మొలక ఎత్తడం చూడనివాడు ద్రవ్యగుణం ఏం చదువుతాడురా!” అనేవారు. ఆ మాటలోని లోతు నాకు నలభై ఆరవ ఏట గాని తెలియలేదు. ఆ సంగతి ముందు చెప్పబోతున్నాను. అంతకంటె ముందు, పెరట్లోనో మేడమీదనో నాలుగు కూరగాయలు పండించుకోదలచిన వారికి అవసరమైన క్రమాన్ని వివరిస్తాను.

మొలక – నారు

గింజను ఎంత లోతున నాటాలన్నది అందరికీ వచ్చే సందేహం. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు. తోటకూర గింజ ఆవగింజకన్న చిన్నది. దానిని పొడి ఇసుకతో కలిపి మడిలో చల్లి, పైన పలుచగా మట్టి జల్లితే సరిపోతుంది. లోతున పడితే మొలక పైకి రాలేదు. ఆనప, బీర, కాకర గింజల తొడుగు గట్టిది. వీటిని రాత్రంతా నీళ్లలో నానవేసి, మరునాడు పాదుకు మూడు చొప్పున నాటి, మొలిచిన తరువాత బలమైనదానిని ఉంచి తక్కినవి తీసివేయాలి.

వంగ, టమాట, మిరప నేరుగా నాటదగినవి కావు. ముందు నారు పోయాలి. ఎత్తుగా కట్టిన చిన్న మడిలోగాని, అడుగున చిల్లులున్న తొట్టెలోగాని, మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి, వరుసలుగా విత్తాలి. వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. వంగ, టమాట నారు 25 నుంచి 30 రోజులకు, మిరప నారు 35 నుంచి 40 రోజులకు నాటడానికి వస్తుంది. నాటు ఎప్పుడూ సాయంకాలమే వేయాలి. రాత్రి చల్లదనంలో మొక్క తేరుకుంటుంది.

చలి దేశాలలో కూరగాయల నారుకు గాజు ఇళ్లు కడతారు. అక్కడ గ్రీన్‌హౌస్ పని వేడిని పట్టి ఉంచడం. మన కష్టం దానికి తలక్రిందులు. మన నారుకు శత్రువులు మిట్టమధ్యాహ్నపు ఎండ, జోరువాన. కనుక నాలుగు వెదురు కర్రలు పాతి, పైన సగం ఎండను ఆపే పచ్చని షేడ్‌నెట్ కట్టితే అదే మన గ్రీన్‌హౌస్. నెట్ దొరకని రోజుల్లో మా గురువుగారు కొబ్బరాకులు పరిచేవారు. నాటడానికి వారం ముందు నుంచి నీడను కొద్దికొద్దిగా తగ్గించి నారును ఎండకు అలవాటు చేయాలి. నీడలో సుకుమారంగా పెరిగిన మొక్క ఒక్కసారిగా ఎండలో పడితే వాడిపోతుంది.

దుకాణంలో కొన్న గింజలు కొన్ని ఎర్రగానో, నీలంగానో రంగు పూసి ఉంటాయి. అది బూజు పట్టకుండా కలిపిన మందు. అటువంటి గింజలను పిల్లలకు అందనీయకూడదు. విత్తిన చేతులను సబ్బుతో కడుక్కోవాలి.

ఒక చేదు అనుభవం

ఇక అసలు సంగతి. మా కోస్తా ప్రాంతంలో ఆనపకాయ అనేదే ఇతర ప్రాంతాలలో సొరకాయ. సంస్కృతంలో దీనికి అలాబువని పేరు. తియ్యని ఆనప చలువ చేసేది, పిత్తాన్ని శమింపజేసేది. జ్వరం తగ్గినవారికి పథ్యంగా పెట్టదగినది. ఇందులోనే చేదు జాతి ఒకటున్నది. దానికి ఇక్ష్వాకువని, కటుతుంబి అని పేర్లు. చరక సంహిత కల్పస్థానంలో ఈ ఇక్ష్వాకువుకు ఒక అధ్యాయమే ఉన్నది. అది వమన ద్రవ్యం. అంటే వైద్యుడు తన కళ్లయెదుట, కొలతతో, రోగిని వాంతి చేయించడానికి వాడేది. కూర వండుకునేది కాదు.

గురుకులంలో చేదు ఆనప తీగ కాలువకు అవతలి గట్టున ఎక్కడో దూరంగా ఉండేది. దానికి నీళ్లు పోయడానికి వంతెన దాటి వెళ్లడం మాకు విసుగుగా ఉండేది. పెరట్లో చోటు చాలక అక్కడ పెట్టారనుకున్నాను. గురువుగారిని కారణం అడగలేదు. నా సొంత వైద్యశాల పెట్టుకున్న తరువాత, చేతికి అందుబాటులో ఉంటుందని ఆ తీగను మా ఇంటి దడి మీదికే పాకించాను. పదిహేను అడుగుల ఇవతల పందిరి మీద కూర ఆనప.

2005లో ఆ పందిరి తీగ విరగకాచింది. కూరకు కోయగా మిగిలిన ఒక మంచి కాయను విత్తనానికి వదిలి, గింజలను ఇరుగుపొరుగు నాలుగిళ్లకు పంచాను. 2006 శ్రావణ మాసంలో, మా వీధిలోనే ఉండే విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు కడుపులో మంట అని వచ్చారు. ఉదయం పూట ఒక గ్లాసు ఆనప రసం తీసుకొమ్మని నేనే చెప్పాను. ఆ వారమే వారింట, నేనిచ్చిన గింజ తీగకు, తొలి కాయ దిగింది.

ఉదయం ఏడు గంటల వేళ వారి భార్య పరుగున వచ్చారు. “వైద్యులుగారూ, మాస్టారు రసం తాగిన అరగంటకే మెలికలు తిరిగిపోతున్నారు, వాంతిలో రక్తం పడుతోంది” అన్నారు. వెళ్లేసరికి ఆయన చెమటలు పట్టి మంచం మీద ఉన్నారు. నాడి సన్నగా, వేగంగా ఉన్నది. గ్లాసు అడుగున మిగిలిన రసంలో వేలు ముంచి నాలుకకు తాకించాను. ఆ చేదు నాకు కొత్తది కాదు. నా దడి మీది చేదే.

“చేదుగా ఉందని నేను వారించానండీ. ‘వైద్యులుగారు చెప్పిన మందు, మందు చేదుగా ఉండక తియ్యగా ఉంటుందా’ అని గ్లాసంతా తాగేశారు” అన్నారావిడ.

నా పెట్టెలో ఉన్నవేవీ తీయలేదు. ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఏమి తాగారో, ఎంత తాగారో, ఎప్పుడు తాగారో అక్కడి డాక్టరుకు చెప్పాను. సెలైను ఎక్కించి ఐదు రోజులు ఉంచుకున్నారు. దైవానుగ్రహం వల్ల, వారి చికిత్స వల్ల ఆయన క్షేమంగా ఇంటికి వచ్చారు. ఆ మొదటి సాయంత్రమే నేను తక్కిన మూడిళ్లకూ వెళ్లి, కాయలతో సహా తీగలను పీకించి పూడ్పించాను. చివరకు మా దడి మీది తీగనూ పీకివేశాను.

మాస్టారు కోలుకున్నాక, “నాలుక చెప్పింది, నేనే వినలేదు. మీ తప్పేముంది?” అన్నారు. గింజా నాదే, సలహా నాదే. ఆ మాటతో నా మనస్సు తేలికపడలేదు.

తియ్యని కాయలోని గింజ చేదు ఎలా అయింది?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. నేను గింజకు వదిలినది తియ్యని పాదు కాయే. దాని తోడి కాయలను మేమే వండుకు తిన్నాము. మరి చేదు ఎక్కడిది?

ఆనప తీగకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వు సన్నని పొడవాటి కాడ మీద ఉంటుంది. ఆడపువ్వు క్రింద నూగుతో కూడిన చిట్టి పిందె ఉంటుంది. తెల్లని ఆ పువ్వులు సాయంకాలం విచ్చుకుంటాయి. రాత్రి తిరిగే రెక్కల పురుగులు, తేనెటీగలు ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వుకు చేరుస్తాయి. దడి మీది చేదు తీగ పుప్పొడి పందిరి మీది పువ్వుకు చేరినా, ఆ కాయ కండ తల్లి తీగదే గనుక తియ్యగానే ఉంటుంది. కాని లోపలి గింజలో తండ్రి గుణమూ చేరుతుంది. చేదు గుణం బలమైనది. ఆ గింజ మొలిచి కాచినప్పుడు గాని అది బయటపడదు. కనుక తల్లి కాయ రుచి చూసి విత్తనాన్ని నమ్మడానికి వీలు లేదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. కాకర పక్కన పెడితే ఆనప చేదెక్కుతుందని కొందరంటారు. అది నిజం కాదు. కాకరకు, ఆనపకు సంకరం కలగదు. ఆనప చేదు ఆనపతోనే కలుస్తుంది, బీర చేదు బీరతో కలుస్తుంది. దడి మీద, పెంటకుప్పల మీద తనంత తాను మొలిచిన తీగలను అనుమానించవలసినది ఇందుకే.

శుద్ధమైన విత్తనం కట్టే విధానం

1. సాయంకాలం విచ్చుకోబోయే ఒక ఆడమొగ్గను, రెండు మగమొగ్గలను ఎండ ఉండగానే గుర్తించి, వేర్వేరుగా పలుచని గుడ్డ సంచులు తొడిగి కట్టాలి.

2. పువ్వులు విచ్చుకున్నాక మగపువ్వును కోసి, రేకులు తీసివేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ మృదువుగా రాయాలి. వెంటనే ఆడపువ్వుకు సంచి తిరిగి కట్టాలి. పువ్వు వాడిపోయాక సంచి తీసి, కాడకు రంగుదారం గుర్తుగా కట్టాలి.

3. ఆ కాయను తీగ మీదనే ముదిరి, పైతోలు గట్టిపడేవరకు ఉంచాలి. ఊపితే గింజలు గలగలమనాలి. తీసిన గింజలను నీడన ఆరబెట్టి, పొడి బూడిద కలిపి, గాజు సీసాలో మూత బిగించి భద్రపరచాలి. పేరు, సంవత్సరం రాసి అంటించడం మరువరాదు.

4. మరుసటేడు విత్తే ముందు పది గింజలను తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. ఏడెనిమిది మొలిస్తే విత్తనం మంచిదే.

ఇంత శ్రమ పడలేనివారు ఆనప, బీర గింజలను నమ్మకమైన చోట కొనడమే మేలు. టమాట, వంగ, చిక్కుడు చాలావరకు తమ పువ్వులోనే తాము ఫలదీకరణం చెందుతాయి. కొత్తవారు విత్తనం కట్టడం వీటితో ఆరంభించవచ్చును. హైబ్రిడ్ పాకెట్ల నుంచి వచ్చిన కాయల గింజలు మాత్రం దాచవద్దు. వాటి సంతానం తల్లిని పోలి ఉండదు.

వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదమనే అధ్యాయం ఉన్నది. విత్తును పాలలో నానవేయడం, పేడ పట్టించడం అందులో చెప్పబడినవి. మొక్కకూ ఆయుర్వేదం ఉన్నదని తలచిన పూర్వులు విత్తు దగ్గరే వైద్యం మొదలుపెట్టారన్నమాట.

నాలుక మాట వినండి

2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు ఆనప రసం తాగి మరణించారన్న వార్త పత్రికలో చదివిన రోజు నా చేతులు వణికాయి. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం ఈ విషయాన్ని పరిశీలించింది. చేదుగా ఉన్న రసాన్ని తాగరాదని, తాగి అస్వస్థత కలిగితే తక్షణమే ఆసుపత్రికి వెళ్లాలని హెచ్చరించింది. ఈ చేదుకు కారణం కుకుర్బిటసిన్లనే పదార్థాలు. దీనికి విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో లక్షణాలను బట్టి చేసే చికిత్సయే ఆధారం. కనుక గృహిణులు ఈ నియమాలు పాటించవలెను.

ఆనపకాయ కోయగానే, కూరకైనా రసానికైనా, చిన్న ముక్క నాలుకకు తాకించి చూడాలి. చేదుంటే ఉమ్మివేసి, నోరు పుక్కిలించి, కాయ మొత్తం పారవేయాలి. ఉడికిస్తే ఈ చేదు పోదు. బెల్లం, మజ్జిగ, కాకర రసం వంటివి కలిపి రుచి కప్పరాదు. కాకర చేదు వేరు, ఆనప చేదు వేరు. బీర, దోసకాయలకూ ఈ పరీక్షే. పొరపాటున తాగినవారికి కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలైతే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకూడదు. ఈ మాట గృహవైద్యాన్ని జీవితమంతా నమ్మిన నేనే చెబుతున్నాను.

ఇప్పుడు మా పెరట్లో పందిరి ఆనప ఒక్కటే ఉన్నది. ఏటా శ్రావణంలో తొలి కాయ కోసినప్పుడు మాస్టారింటికి పంపుతాము. పంపే ముందు తొడిమె దగ్గర ఒక ముక్క నేను నాలుకకు తాకిస్తాను. అక్కడ ఆవిడ మళ్లీ ఒక ముక్క రుచి చూసిగాని పొయ్యి మీద పెట్టరు. అందుకు నాకు ఏమాత్రం కష్టం తోచదు. మీ ఇంట్లోనూ ఆ అలవాటే ఉండాలని కోరుతున్నాను.